గ్యాలరీ మోసిన భారము

ముంబయిలోని కామాఠిపురా గల్లీలలో, ఖోలీలనబడు ఒంటిగదులు వరుసగా నున్న పాత చాళ్లయందు మూడవ అంతస్తున నివసించు వృద్ధురాలికి దినములోకెల్ల కఠినమైన ప్రయాణము తెల్లవారకమునుపే ఎదురగును. తన ఖోలీ గడపనుండి గ్యాలరీ అను ఉమ్మడి నడవ చివరనున్న సండాసు వరకు ముప్పది అడుగులు. ఒక చేత బాల్చీ, ఒక చేత కొయ్యకటకటాల ఊత, కాలిక్రింద రాత్రి నీళ్లకు తడిసిన షాబాదు బండలు. తుంటియెముక విరిగిన నాటినుండి ఆ ముప్పది అడుగులను ఆమె ఒంటరిగా నడచుట లేదు. ఎదుటి ఖోలీలోని కోడలుపిల్ల బాల్చీ పట్టుకొని వెంట వచ్చును. పక్కింటి కుఱ్ఱవాడు చెక్కమెట్లు దిగిపోయి నాయర్ ఆసుపత్రి వరుసలో నిలిచి మందులు తెచ్చును. పొద్దెక్కినను తలుపు తీయకున్నచో తట్టి చూచువారు ఆ గ్యాలరీలో ముగ్గురికి తక్కువ లేరు. "ఏ జన్మల బాకీ తీర్చుకుంటున్నవు బిడ్డా" అని అవ్వ అడిగినప్పుడు కోడలుపిల్ల చెప్పిన సమాధానమును నేను స్వయముగా వింటిని: "రేపు నాకు నా కోడలు చెయ్యకున్నా, ఈ గ్యాలరీ చేస్తది అవ్వా."

ఆ మాటలోని విశ్వాసము గొప్పది. దానిని సంశయించు అధికారము నాకు లేదు. అయితే ఆ విశ్వాసమునకు ఆధారమైన గ్యాలరీయే కూల్చివేతకు ఎదురుచూచుచున్నది. రాష్ట్ర గృహనిర్మాణ సంస్థయైన మ్హాడా చేతులమీదుగా కామాఠిపురాలోని సుమారు 34 ఎకరముల మేర పాత కట్టడములనన్నిటిని కలిపి పునర్నిర్మించు ప్రయత్నము సాగుచున్నది. గదులకు, దుకాణములకు, పగిడీ అను పాత అద్దె హక్కులకు లెక్కలు కట్టుచున్నారు, చదరపుటడుగులు పంచుచున్నారు. ఇన్ని లెక్కల నడుమ, ఆ గ్యాలరీ తరతరములుగా ముసలివారికి, దీర్ఘరోగులకు, మతి చలించినవారికి, అవయవలోపము గలవారికి చేసిన సేవ ఎంతటిదో, అది లేని నాడు ఆ పని ఎవరు చేయవలెనో, దాని వ్యయమును ఎవరు భరింపవలెనో అడిగినవారు నాకు కనబడలేదు. ఆ భారమును ఇకమీదట నగరపాలక సంస్థయే వహింపవలెననియు, అందుకై తన బడ్జెట్టులో నిలుకడగల పద్దు ఒకటి తెరువవలెననియు నేను దృఢముగా నమ్ముచున్నాను.

ఈ నగరమునకును మన తెలుగువారికిని గల ఋణానుబంధము పాతది. పదునెనిమిదవ శతాబ్ది చివర హార్న్‌బీ వెల్లార్డు అను కట్ట సముద్రపు పోటును ఆపిన పిమ్మట ఏర్పడిన పల్లపునేలలో, రాళ్లు కొట్టుటకును, మట్టి మోయుటకును, గోడలు కట్టుటకును నిజాము రాజ్యమునుండి వచ్చిన తెలుగు కూలీలు కుదురుకొనిరి. నగరము వారిని కామాఠీలని పిలిచెను. వారి పేరే పేటకు నిలిచెను. వారిలోనుండి పైకి వచ్చిన రామయ్య వెంకయ్య అయ్యవారు, జాయా కరాడీ లింగు వంటివారు జ్యోతిరావు ఫూలే సత్యశోధక సమాజమునకు బొంబాయిలో అండగా నిలిచినారన్న సంగతి మనలో పలువురు మరచిరి. తదుపరి కరీంనగరము, వరంగల్లు, నల్లగొండ సీమలనుండి పద్మశాలీలు బట్టల మిల్లులకు వచ్చి వర్లీ, పరేలు ప్రాంతములలోని చాళ్లను నింపిరి. జబ్బుపడిన వానిని ఆసుపత్రికి మోయుటకును, శవమును లేపుటకును, ఊరికి బండి టికెట్టు కొనిపెట్టుటకును వారికి కులసంఘము, భజనమండలి, చీటీలపాట యుండెను. వారి సంక్షేమశాఖ యంతయు అదియే. నగరము వారి భుజబలమును లెక్కించినదే కాని, ఆ భుజములు ఒకనాడు వంగునని లెక్కింపలేదు. సత్తువ ఉన్నంతకాలము బొంబాయిలో, సత్తువ ఉడిగినపిదప ఊరిలో అని నగరమును, కూలీయును, ఊరును కూడ అనుకొనిరి. ఆ అంచనా తప్పినది. ఊరిలోని ఇల్లు పంపకములలో చీలినది, చెలక అమ్ముడుపోయినది, మనుమలు మరాఠీలో కలలు కనుచున్నారు. ముసలితనము చాలులోనే మిగిలినది.

అందునను మిల్లు కార్మికుల ముసలితనము వేరు. 1982 జనవరి 18న దత్తా సామంత్ నాయకత్వమున మొదలైన సమ్మెలో సుమారు రెండున్నర లక్షలమంది పని మానిరి. వారిలో అనేకులకు మిల్లుద్వారము మరల తెరువబడలేదు. ఆనాడు ముప్పదియేండ్లవాడు నేడు డెబ్బది దాటినవాడు. ఉద్యోగుల పింఛను పథకము 1995 నవంబరులో గాని రాలేదు. అంతకుముందే పని పోయినవానికి నెలనెలా వచ్చు పింఛను ఎక్కడిది? చేతికి వచ్చిన భవిష్యనిధి కూతురి పెండ్లికో, పాత అప్పుకో సరిపోయినది. అతని భార్య బీడీలు చుట్టియో, ఇండ్లలో పాచిపని చేసియో సంసారమును ఈడ్చినది. ఆమెకు పింఛను మాట యేలేదు. ఇప్పుడు ఇరువురలో ఒకరు మంచమున పడినచో రెండవవారే దాది, వంటమనిషి, కావలి. ఆ రెండవవారికి వయస్సెంత అని అడుగువారు లేరు.

ఇక చట్టమేమనుచున్నదో చూతము. ముంబయి నగరపాలక సంస్థ నేటికిని 1888 నాటి చట్టము ననుసరించియే నడచుచున్నది. అందు 61వ విభాగము తప్పక చేయవలసిన పనులను, 63వ విభాగము చేసిన చేయవచ్చును, మానిన మానవచ్చును అను పనులను వేరుపరచినవి. నీరు, మురుగు, దీపములు, వీధులు మొదటి జాబితాలోనివి. ఇంటిలో పడియున్న వృద్ధుని దైనందిన సంరక్షణ అందు లేదు. 1993 జూనునుండి అమలులోనికి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ పట్టణసంస్థలకు పదునెనిమిది విషయములను అప్పగింపదగినవని పేర్కొనుచు, అంగవైకల్యము గలవారితో సహా బలహీనవర్గముల హితరక్షణను వానిలో చేర్చినది. చేర్చినదే గాని, దాని వెంట నిధిని పంపలేదు. తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ సంక్షేమముల కొరకైన 2007 నాటి చట్టము జిల్లాకొకటి చొప్పున నూటయేబదిమంది నిరుపేద వృద్ధులకు చాలునట్టి ఆశ్రమములను రాష్ట్రప్రభుత్వము స్థాపింపవచ్చునన్నది. స్థాపింపవలెనని కాదు, స్థాపింపవచ్చునని. మన వృద్ధుల భాగ్యమంతయు ఈ క్రియాపదము మీద ఆధారపడియున్నది. పైగా ఆశ్రమము అనునది ఇల్లు లేనివారికి. కామాఠిపురా అవ్వకు ఇల్లున్నది, ఇరుగుపొరుగున్నది, ఆమెకు కావలసినది ఉదయము రెండు గంటలు, సాయంకాలము ఒక గంట తోడు. ఆ మూడు గంటల తోడును ఏ చట్టమును ఎవరికిని విధిగా చేయలేదు.

ధనము లేక చేయలేదనుట చెల్లదు. 2025-26 సంవత్సరమునకు ఈ నగరపాలిక ప్రకటించిన బడ్జెట్టు 74,427 కోట్ల రూపాయలు. దేశములో ఏ నగరపాలక సంస్థకును ఇంతటి బడ్జెట్టు లేదు. అందులో 43 వేల కోట్లకు పైగా రోడ్లు, సొరంగములు, మురుగుశుద్ధి కేంద్రములు మున్నగు నిర్మాణములకు కేటాయింపబడినది. సుమారు పదవవంతు ఆరోగ్యమునకు. ఆరోగ్యమునకైన వ్యయమును నేను గౌరవించుచున్నాను: 1926లో కె.ఇ.ఎం. ఆసుపత్రిని తెరచిన నగరపాలికయే, నేడు నాయర్, సయన్ ఆసుపత్రులను కూడ పోషించుచున్నది. ఇట్టి ఘనత కొలది నగరములకే కలదు. కాని ఆసుపత్రి వారము దినములలో రోగిని ఇంటికి పంపును. తుంటికి శస్త్రచికిత్స చేసి నడిపింపుమని చీటీ వ్రాసియిచ్చును. నడిపించువారెవరు? ఆ చీటీకిని మూడవ అంతస్తుకును నడుమనున్న చెక్కమెట్ల మీద నగరపాలిక ధర్మము ఆగిపోవుచున్నది.

రాష్ట్రము ఇచ్చునది పింఛను. శ్రావణబాళ్ పథకము క్రిందను, సంజయ్ గాంధీ నిరాధార్ పథకము క్రిందను అంగవైకల్యము లేనివారికి మహారాష్ట్ర ఇచ్చునది నెలకు 1,500 రూపాయలు; దానికి అర్హత పొందుటకు కుటుంబ వార్షికాదాయము 21,000 రూపాయలు మించరాదు. నెలకు 1,750 రూపాయలతో ఒక కుటుంబము ముంబయిలో బ్రదుకుచున్నదని ప్రమాణము చేయించు నిబంధన, నిజము చెప్పువానిని బయటకు నెట్టును. కేంద్రము వాటా ఎనుబదియేండ్ల లోపువారికి 200 రూపాయలు, ఆపైవారికి 500. ఇదేకాలమున ఆంధ్రప్రదేశమున వృద్ధునికి నెలకు 4,000 రూపాయలు ఇంటివద్దకే వచ్చి ఇచ్చుచున్నారు. పూర్తిగా మంచమునకు అతుక్కుపోయినవానికి 15,000. తెలంగాణమున ఆసరా పింఛను 2,016 రూపాయలు. ఊరిలో ఉండిపోయిన చెల్లెలికి వచ్చు పింఛను, బొంబాయికి వచ్చి యేబదియేండ్లు కష్టించిన అక్కకు లేదు, ఆమె ఓటు ఇక్కడిది గనుక. ఇక్కడి పింఛనుకు ఆమె వయసు, నివాసము, ఆదాయము ఋజువు చేయవలె. పుట్టినతేదీ ఎఱుగని తరమది.

ఈ ఋజువుల కొరకు తిరుగుటలోనే ఇంకొక కష్టము దాగియున్నది. పింఛనుకు పోవలసినది కలెక్టరు క్రింది తహసీలుదారు వద్దకు. మందులకు నగరపాలిక దవాఖానాకు. కొడుకు తిండి పెట్టనిచో పోషణ ట్రిబ్యునలుకు. పునర్నిర్మాణపు ఒప్పుదలకు మ్హాడాకు. ఏదియు తోచనిచో 14567 అను జాతీయ వృద్ధసహాయ ఫోనుకు. చేతికఱ్ఱకును, కళ్లజోడుకును ముఖ్యమంత్రి వయోశ్రీ పథకము క్రింద ఒక్కమారు 3,000 రూపాయలు వచ్చును. అది మరియొక దరఖాస్తు. ఇన్ని తలుపులు తట్టగలిగిన కాళ్లున్నచో ఆమెకు ఈ సహాయములలో సగము అక్కఱయే ఉండదు. ఆ కాగితములన్నియు మరాఠీలో. నగరపాలిక తన బడులలో తెలుగుతో సహా ఎనిమిది భాషలలో పిల్లలకు చదువు చెప్పుచున్నది; ఆ పిల్లల అవ్వతో వార్డు ఆఫీసు బల్లదగ్గఱ తెలుగులో మాట్లాడువానిని మాత్రము నియమింపలేదు.

కామాఠిపురా వృద్ధులను గూర్చి వ్రాయుచు, ఆ పేట పేరు వినగనే లోకము తలచు స్త్రీలను విడిచిపెట్టుట అన్యాయము. దేహమమ్ముకొని బ్రదికిన ఆ స్త్రీలును ముసలివారైరి. వారిలో తెలుగు స్త్రీలును కలరు. కొడుకు పేరు చెప్పుకొనలేరు, ఊరు పేరు చెప్పుకొనలేరు, ఋజువు కాగితములు లేవు. ఖోలీ అద్దె ఇచ్చు శక్తి పోయిననాడు మెట్లక్రింద పడుకొనెదరు. ఇల్లు చూపకున్నను వారికి ఆధారు కార్డు ఇయ్యవలెనని సుప్రీంకోర్టు 2022 మేలో ఆదేశించినది. కార్డు వచ్చుట మంచిదే. కార్డు అన్నము వండిపెట్టదు. పునర్నిర్మాణములో హక్కుదారుల జాబితా వ్రాయువారు వీరిని ఏ గడిలో వ్రాయుదురో వార్డు కార్యాలయము ముందుగనే నిర్ణయింపనిచో, వీరు ఏ గడిలోను ఉండరు.

చాలు పోయి గోపురమువంటి భవనము వచ్చినప్పుడు ఏమి జరుగునో ఊహింపనక్కఱలేదు, వర్లీ బి.డి.డి. చాళ్ల వద్దకు పోయి చూడవచ్చును. 1920ల నాటి బొంబాయి డెవలప్‌మెంట్ డిపార్ట్‌మెంటు వర్లీలో కట్టిన 121 చాళ్లలోను, నాయిగావ్, ఎన్.ఎం. జోషీ మార్గము చాళ్లలోను 160 చదరపుటడుగుల ఖోలీలలో మన మిల్లు కార్మికుల కుటుంబములు మూడు తరములు గడపెను. వర్లీలో నలుబది అంతస్తుల భవనములు లేచి, 2025 ఆగస్టున మొదటి 556 కుటుంబములకు 500 చదరపుటడుగుల ఇండ్ల తాళములు అందినవి. ఇంటిలోనే సండాసు, స్నానపు గది, గాలి, వెలుతురు: ఇది చిన్న సౌఖ్యము కాదు, తుంటి విరిగిన అవ్వకు ఇదియే మహాభాగ్యము. పాత చాళ్లను నిలిపియుంచవలెనని వాదించువారు వానిలో ఒక్క వర్షకాలము గడపి రావలెను. అయినను, ఇరువది రెండవ అంతస్తున తలుపు మూసికొనిన ఇంటిలో ఆమె దగ్గు ఎవరికి వినబడును? లిఫ్టు ఆగిననాడు ఆమె ఎట్లు దిగును? ఆ లిఫ్టు కరెంటుకును, కావలివానికిని నెలనెలా కట్టవలసిన సొమ్ము 1,500 రూపాయల పింఛనులోనుండి ఎట్లు వచ్చును? 500 చదరపుటడుగుల వరకు ఇంటిపన్ను లేదని 2022నుండి నగరపాలిక మినహాయించినది, సంతోషము. కాని సొసైటీ ఖర్చు పన్నుకంటె ఎన్నియో రెట్లు. గ్యాలరీ అనునది కేవలము నడవ కాదు. పదిమంది కన్నులు ఒకేమారు పడు స్థలము. కొత్త కట్టడమును గీయువాడు ఆ కన్నులను గీయడు.

ఇతరదేశములలో ఈ పని ఏ విధముగా జరుగుచున్నదో ఒక్క మాట. ఇంగ్లండులో 2014 నాటి సంరక్షణ చట్టము ప్రకారము, సహాయము అవసరమని తోచిన వయోజనుని ఎవరినైనను స్థానిక కౌన్సిలు పరీక్షించి, అతని అక్కఱలను వ్రాసికొనవలసినది విధి. ఆస్తి 23,250 పౌండ్లు మించినవాడు తన ఖర్చు తానే పెట్టుకొనును. తక్కువవానికి కౌన్సిలు పెట్టును. అందుకై 2016నుండి స్థానిక పన్నుమీద ప్రత్యేకముగా కొంత చేర్చు అధికారము కౌన్సిళ్లకు కలదు. అక్కడను నిధులు చాలక నిరీక్షణలు తప్పుటలేదు. ఆ పద్ధతినంతటిని ఎత్తి తెచ్చుకొనుమని నేననను. అయితే ముందు మనిషిని లెక్కించి, పిదప వ్యయమును లెక్కించు ఆ క్రమము మనకు నేర్వదగినది. మనకు ఇంకను దగ్గఱలో కేరళము కలదు. 2008లో ఆ రాష్ట్రము మంచమున పడినవారి సంరక్షణకు విధానమును ప్రకటించినది మొదలు, పంచాయతీలు, పురపాలక సంఘములు తమ ప్రణాళికానిధులనుండి నర్సుకు జీతమిచ్చి, పొరుగువారి సేవకులను ఆమెకు తోడిచ్చి, ఇంటింటికి పంపుచున్నవి. ముంబయి బడ్జెట్టు కలలోనైనను ఎఱుగని పంచాయతీలు అవి.

మన వార్డులో ఇట్టి లెక్క ఎవరు తీయగలరు? నగరపాలికకు ఆరోగ్యసేవికలు కలరు; వారు ఇల్లిల్లు తిరిగి పసిపిల్లల టీకాలను, క్షయరోగులను, దోమలనీటిని విచారించుచున్నారు. వారి లెక్కపుస్తకములోనే ఒక పుట చేర్చవలె: ఈ ఖోలీలో డెబ్బదియేండ్లు దాటినవారెవరు, వారిలో ఒంటరులెవరు, మంచమునుండి లేవలేనివారెవరు, వారికి చేయుచున్నదెవరు. చివరి ప్రశ్న మరువరాదు. గ్యాలరీ సేవను మన ఆడవారు ఉచితముగా చేయుచున్నారని పొగడుచు, వారి నడుములు విరుగుట చూడక గడపినాము. ఆ పుటకు నిర్మాణఖర్చులేదు, భూమి అక్కఱలేదు.

తదుపరి వ్యయము. నగరపాలిక ఆ 2025-26 బడ్జెట్టులో వేయింట ఒకవంతు తీసిన 74 కోట్ల రూపాయలగును. నగరమున 227 ఎన్నికల వార్డులు కలవు. వార్డుకు 32 లక్షలకు పైగా. 2011 జనాభా లెక్కప్రకారము సగటున ఒక్కొక్క వార్డున యేబదియైదువేల మంది. పదిమంది సంరక్షకురాండ్రకు నెలకు 15,000 రూపాయల చొప్పున జీతమిచ్చినను ఏటికి 18 లక్షలు. మిగిలిన 14 లక్షలలో పెద్దల డైపర్లు, వాకర్లు, చక్రాల కుర్చీలు, ఒక చిన్న గది ఖర్చు వచ్చును. ఇది చాలదని నాకు తెలియును. పదిమంది స్త్రీలు వార్డులోని వృద్ధులనందఱిని చూడలేరు. అయినను అత్యంత దుర్దశలోనున్నవారితో మొదలుపెట్టవచ్చును. రెండవ ఏట వేయింట రెండువంతులు అడుగవచ్చును. ఆ పదిమందిని ఆ గల్లీలలోనుండియే తీసికొనవలెను. ఆ కోడలుపిల్ల నేడు బాల్చీ పట్టుకొని చేయుచున్న పనికి నెలజీతము వచ్చినచో, ఆమె అవ్వమీద ప్రేమ తరుగునని భయపడువారు ఆమె వంటింటి డబ్బాలను తెరచి చూచినవారు కారు.

తల్లిదండ్రులను చూచుకొనుట బిడ్డల ధర్మము కదా, దానిని మునిసిపాలిటీకి అప్పగించుట ఏమి సంస్కృతి యని కొందఱు పెద్దలు అడుగుచున్నారు. వారి ఆవేదన నాకు అర్థమగును. కాని మనవారి కొడుకులలో అధికులు భివండీ మగ్గములమీదనో, నవీ ముంబయి గోదాములలోనో, కారు నడుపుచునో పన్నెండు గంటలు పనిచేయువారు. అట్టివాడు తల్లిని ప్రేమింపడని కాదు. ఉదయము ఆరింటికి ఆమెను సండాసుకు తీసికొనిపోవువేళకు అతడు లోకలు బండిలో వ్రేలాడుచుండును. 1896లో ప్లేగు ప్రబలినప్పుడు, చాలులోని చీకటి, మురికి ఆయా ఇంటివారి సొంత విషయము కాదని ఈ నగరము తెలిసికొని, రెండేండ్లకు ఇంప్రూవ్‌మెంటు ట్రస్టును స్థాపించి, నాగ్‌పాడా మొదలైన చోట్ల వీధులు కొట్టి, ఇండ్లు కట్టినది. అంతకుమునుపు అదియును ఎవరి ఇంటి గొడవ వారిదేయని అనుకొనిరి.

2022 మార్చినుండి సుమారు నాలుగేండ్లు నగరమునకు ఎన్నికైన కౌన్సిలు లేదు. పాలనాధికారి ఒక్కడే బడ్జెట్టులు వ్రాసెను. 2026 జనవరి ఎన్నికలతో కార్పొరేటర్లు మరల వచ్చిరి. బైకలాలోని ఇ-వార్డు కార్యాలయమునకు మన సంఘములు పండుగ మంటపముల అనుమతికి, బతుకమ్మకు నీళ్ల ట్యాంకరుకు ఏటేట పోవుచునే యున్నవి. ఈమారు ఇంకొక కాగితము కూడ తీసికొనిపోవలె. సముదాయ పునర్నిర్మాణపు నక్షాలు స్థిరపడకముందే, ప్రతి భవనమున నేలమట్టమున, లిఫ్టు ఎదుట, దుకాణములకు అమ్మివేయకుండ ఒక గదిని నగరపాలిక పేర వ్రాయించుకొనవలె: వృద్ధులు పగలు కూర్చుండుటకు, సంరక్షకురాండ్రు తమ పుస్తకములు పెట్టుకొనుటకు, మధ్యాహ్నము ఒక పూట వేడి అన్నము తినుటకు. 2018 సెప్టెంబరున అమలైన నగరాభివృద్ధి ప్రణాళికలో వృద్ధాశ్రమములకు, ఆధార్ కేంద్రములను పేర సహాయకేంద్రములకు స్థలములు కేటాయించు పద్ధతి ఉన్నది. కనుక ఇది కొత్తగా కనిపెట్టిన కోరిక కాదు. నక్షా గీయుటకుముందు అడిగినచో అది ఒక గీత. కట్టినపిదప అడిగినచో కోర్టు కేసు. గది ఎంత ఉండవలెనని ఇంజనీరు అడిగినచో, అవ్వ గ్యాలరీని కొలిచి చూపవచ్చును: ముప్పది అడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు, ఒక ప్రక్క తెరచియుండవలె, వచ్చిపోవువారు కనబడవలె.